గోడలు అదిరాయి... మాట వినపళ్ళేదు!

మీ ఇంట్లో సబ్‌వూఫరు వుందా? వుంటే ఇది చదవండి. లేదా? అయితే కొనబోయే ముందు తప్పకుండా చదవండి. ఎందుకంటే ఇవన్నీ నేను కొన్న తరవాత నేర్చుకున్న సంగతులు. అదీ మా నాన్నగారి దగ్గర!

మా నాన్నగారు సినిమాహాల్లో ఆపరేటరు. ఒకటీ రెండూ కాదు, ముప్పై ఏళ్ళు మా వూరి టాకీసులో బొమ్మ ఆడించారు. కార్బన్ కడ్డీల వెలుగులో, కేబిన్ వేడిలో రోజుకి మూడాటలు, పండగలకి నాలుగు. ఇప్పుడా హాలు కల్యాణమంటపం అయింది. ప్రొజెక్టర్లు పాత ఇనుము కింద పోయాయి. మిగిలింది నాన్నగారొక్కరే. అమ్మ పోయాక, రెండేళ్ళ కిందట, హైదరాబాదులో మా ఫ్లాటుకి వచ్చేశారు.

వచ్చారు గానీ, విచిత్రం చూడండి, ఆయన సినిమా చూడ్డం మానేశారు! టి.వి.లో మంచి బొమ్మ వస్తోందని పిలిస్తే వచ్చి కూర్చుంటారు. పది నిమిషాలు చూస్తారు. మెల్లిగా లేచి బాల్కనీలోకి వెళ్ళి రోడ్డు మీద పోయే బస్సులు చూస్తూ నిలబడతారు. "ఏం నాన్నగారూ, బావులేదా?" అంటే, "బానే వుందిరా, మీరు చూడండి" అంటారు. అన్నేళ్ళు బొమ్మ ఆడించిన మనిషికి బొమ్మంటే మొహం మొత్తింది కాబోలు అనుకున్నాను.

మా ఆవిడ ఒప్పుకోలేదు. "హాలు సౌండుకి అలవాటుపడ్డ ప్రాణం. ఈ టి.వి. డబ్బా సౌండు మావయ్యగారికి ఎక్కడ ఆనుతుంది?" అంది.

అంతే! ఆ మాట నా బుర్రలో పురుగులా దొలిచేసింది. సరే, హాలునే ఇంటికి తెచ్చేద్దాం అనుకున్నాను. ఆ ఏటి బోనసు మొత్తం తీసుకెళ్ళి దుకాణంలో పోశాను. ముందు పెట్టడానికి మూడు స్పీకర్లు, వెనక్కి రెండు, వాటన్నిటినీ నడిపే రిసీవరు, వీటికి తోడు పన్నెండంగుళాల సబ్‌వూఫరు. దీన్ని 'ఐదు పాయింట్ ఒకటి' అంటారు. ఆ 'పాయింట్ ఒకటే' సబ్‌వూఫరు అన్నమాట. పేరుకి దశాంశం. బరువుకి మాత్రం బియ్యం బస్తా! ఇద్దరం పట్టి మూడో అంతస్తుకి చేర్చాం.

పూర్తి అంకె ఇవ్వకుండా దశాంశం ఎందుకిచ్చారనే అనుమానం మీకూ వచ్చే వుంటుంది. మన చెవికి సెకనుకి 20 కదలికల నుంచి 20,000 కదలికల దాకా వినపడతాయి. ఈ కదలికల లెక్కనే హెర్ట్జ్ అంటారు. మిగతా స్పీకర్లు అందులో చాలా భాగం పలుకుతాయి. సబ్‌వూఫరు కోసం విడిగా రికార్డు చేసే ట్రాక్ మాత్రం 120 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. ఉరుము, ఫిరంగి, ఏనుగు అడుగు... ఇలాంటి వాటికే ఆ ట్రాక్. అందుకే 'పాయింట్ ఒకటి'.

అసలీ బేసు పిచ్చి నాకు కొత్త కాదు. చిన్నప్పుడు పాత రేడియో స్పీకరు వూడదీసి, దాన్ని మట్టికుండ మూతి మీద బోర్లించి పాటలు విన్నవాణ్ణి. మీలో ఎంతమంది ఆ పని చేశారో నాకు తెలుసు, దాచుకోకండి! కుండలో గాలి కదిలి 'గుమ్' అని పలుకుతుంది. ఈనాటి సబ్‌వూఫర్లలో కొన్నిటికి వెనకాల గొట్టంలాంటి రంధ్రం వుంటుంది చూడండి, అదీ ఆ కుండ సూత్రమే.

సినిమావాళ్ళకీ ఈ పిచ్చి పాతదే. 1974లో హాలీవుడ్‌లో 'ఎర్త్‌క్వేక్' అనే చిత్రం వచ్చింది. భూకంపం దృశ్యం వచ్చినప్పుడు ప్రేక్షకుడి కుర్చీ కూడా వణకాలని 'సెన్సరౌండ్' అనే పద్ధతిలో హాళ్ళలో పెద్ద పెద్ద బేసు స్పీకర్లు దింపారు. మన తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రం 'సింహాసనం' 1986లో వచ్చింది. సిక్స్ ట్రాక్ స్టీరియో సౌండు అని అప్పట్లో ఎంత గొప్పగా చెప్పుకున్నామో! 1993లో 'జురాసిక్ పార్క్' వచ్చింది. గ్లాసులో నీళ్ళు వలయాలు వలయాలుగా కదలడం, ఆ తరవాత రాక్షసబల్లి రావడం... ఆ దృశ్యం చూసినవాడెవడూ మరిచిపోడు.

నాకూ మా ఇంట్లో గ్లాసులో నీళ్ళు కదలాలనిపించింది. కదిలాయి కూడా.

* * *

మొదటి రోజు రాత్రి. సబ్‌వూఫరు ఎక్కడ పెట్టాలి? ప్లగ్గు ఎక్కడుందో అక్కడ. అంటే గది మూలన. మా ఆవిడకీ అదే నచ్చింది, కంటికి అడ్డం లేదని. వెనకాల మర తిప్పాను. ముప్పావు వంతు తిప్పి, ఇంకాస్త తిప్పాను. 'బాహుబలి'లో కాలకేయుల యుద్ధం పెట్టాను. అబ్బ! అద్దాల బీరువాలో కప్పులు కటకటలాడాయి. కిటికీ రెక్క బుర్రుమంది. ఇంటర్ చదువుతున్న మా వాడు ఈల వేశాడు. నా గుండె మీద ఎవరో గుద్దుతున్నట్టుంది. డబ్బు గిట్టుబాటయిందనుకున్నాను.

పక్కకి తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ. నాన్నగారు బాల్కనీలో బస్సులు చూస్తున్నారు.

మర్నాడు పొద్దున్నే మెట్ల దగ్గర కింది ఫ్లాటు పిన్నిగారు ఎదురయ్యారు. "బాబూ, ఏమనుకోకు. మీరేమైనా పిండిమర పెట్టారా?" అన్నారు. వాళ్ళమ్మాయి పురుటికి వచ్చింది. ఇరవై రోజుల పసివాడు. రాత్రి రెండుసార్లు ఉలిక్కిపడి లేచాడట. ఆవిడ కోప్పడినా బావుండేది. నవ్వుతూ అన్నారు. అందుకే మరీ సిగ్గేసింది.

ఆ రాత్రి సౌండు తగ్గించి కూర్చున్నాం. నాన్నగారు పక్కనే వున్నారు. ఉన్నట్టుండి, ఎవరి వైపూ చూడకుండా అడిగారు.

"ఒరే, ఇప్పుడు వాడేమన్నాడు?"

చెప్పాను. ఓ నిమిషం పోయాక మళ్ళీ "ఏమన్నాడూ?" అన్నారు. అది కూడా చెప్పాను. మూడోసారి అడగబోయి ఆగిపోయారు. చెప్పులు వెతుక్కుంటూ లేవబోయారు. అప్పుడు వెలిగింది నాకు.

"నాన్నగారూ, మీకు సినిమా ఇష్టం లేక కాదు కదూ లేచి వెళ్ళిపోయేది?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత, "గొంతు వినపడుతుందిరా. మాట వినపడదు. పప్పన్నాడో ఉప్పన్నాడో తెలీదు. ప్రతిదానికీ 'ఏమన్నాడు, ఏమన్నాడు' అంటుంటే మీకు బొమ్మ చెడుతుంది కదా! అంచేత..." అన్నారు.

ముప్పై ఏళ్ళు వూరందరికీ మాట వినిపించిన మనిషి! రెండేళ్ళుగా మా ఇంట్లో మాట అందక, అడగడానికి మొహమాటపడి బస్సులు లెక్కపెట్టుకుంటున్నారు. నేనేమో ఆయన కోసమని గోడలు అదరగొడుతున్నాను.

చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పరీక్ష చేసి ఆయన చెప్పింది ఇదీ. వయసు మీద పడితే ముందు పోయేది సన్నటి శబ్దాలు. స, ష, త, క లాంటి హల్లుల పదునంతా ఆ సన్నటి శబ్దాల్లోనే వుంటుంది. అచ్చుల బలమంతా కింది శబ్దాల్లో. అంచేత గొంతు తెలుస్తుంది గానీ మాట తెలీదు. పైగా గట్టి బేసు వుంటే అది తన పైనున్న శబ్దాల్ని కప్పేస్తుంది. వినికిడి యంత్రం పెట్టుకోమన్నారు. నాన్నగారు "చూద్దాం లెండి" అన్నారు.

అర్థమైంది కదా నా నిర్వాకం? ఆయనకి మిగిలిన నాలుగు మాటల్నీ మింగేసే యంత్రాన్ని బోనసు డబ్బు పెట్టి కొనుక్కొచ్చాను!

* * *

అమ్మేద్దామనుకున్నాను. నాన్నగారే వద్దన్నారు. "పెట్టె తప్పేం లేదురా. నువ్వు పెట్టినచోటు తప్పు, తిప్పినంత తప్పు. ఆదివారం నాడు చూద్దాం, ఆగు" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కేబిన్ రోజుల అధికారం వినిపించింది.

ఆదివారం పదింటికి మా హాల్లో పని మొదలైంది. ఆపరేటరు నాన్నగారు. నేనూ మావాడూ బాయ్‌లం.

"ముందు మోత పోగొట్టు" అన్నారు. ఏ పాటా పెట్టకపోయినా సబ్‌వూఫరు సన్నగా 'ఊ...' అంటోంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, ఆ ఊళ అదే. రిసీవరు ఓ బోర్డులో, సెట్‌టాప్ బాక్సు ఇంకో బోర్డులో వుండటం వల్ల ఎర్తు చుట్టు తిరిగి వచ్చే మోత. అన్నీ ఒకే బోర్డుకి మార్చాం. ఊళ ఆగింది. కొందరు ప్లగ్గులో ఎర్తు పిన్ను పీకేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, ప్రాణానికి ముప్పు.

తరవాత చోటు. మా గది 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. మూలన పెట్టిన పెట్టె ఎందుకంత గోల చేసిందో అప్పుడు లెక్క కట్టాను. 20 హెర్ట్జ్ శబ్దపు అల పొడవు 17 మీటర్లు. మా గది అంతా కలిపి నాలుగున్నర మీటర్లు! ఇంత చిన్న గదిలో అంతంత అలలు గోడల మధ్య కొట్టుకుంటూ కొన్నిచోట్ల పేరుకుపోతాయి, కొన్నిచోట్ల మాయమైపోతాయి. 15 అడుగుల పొడవుకి 38 హెర్ట్జ్ దగ్గర, 12 అడుగుల వెడల్పుకి 47 దగ్గర గది తనంతట తనే మోగుతుంది. మూలన పెడితే ఆ మోతలన్నీ ఒక్కసారే రెచ్చిపోతాయి. అందుకే ఒక్కొక్క దెబ్బా 'ఢం' అని ఆగకుండా 'ఢమ్మ్‌మ్‌మ్' అని సాగింది. ఆ సాగిన 'మ్' కిందే మాటలు నలిగిపోయాయి.

మంచి చోటు పట్టుకోడానికి ఓ తమాషా పద్ధతి వుంది. పెట్టెని మనం కూర్చునే కుర్చీ దగ్గర పెట్టాలి. బేసు గిటారు నిలకడగా మెట్లెక్కి దిగే పాట ఏదైనా వేయాలి. తరవాత మనం గోడల వెంబడే పాకుతూ వినాలి! అవునండీ, మోకాళ్ళ మీదే. ఏ చోట అన్ని స్వరాలూ సమానంగా, ఒకటి బుస్సుమనకుండా, ఇంకోటి మాయం కాకుండా వినపడతాయో, అక్కడ పెట్టెని పెట్టాలి. కుర్చీకీ పెట్టెకీ మధ్య దారి ఎటు నడిచినా ఒకటే అన్న సూత్రం మీద నడుస్తుంది ఈ కిటుకు. యాభై దగ్గర పడుతున్న నేను బనీనుతో పాకుతుంటే మా వాడు ఫోనులో బొమ్మ తీశాడు. మా ఆవిడ పొట్ట పట్టుకు నవ్వింది. నాన్నగారు మాత్రం నవ్వలేదు. "ఆగు, అక్కడ... ఇంకో అడుగు వెనక్కి... అదీ!" అన్నారు. కింది శబ్దాల విషయంలో ఆయన చెవికి ఢోకా లేదు! ముందు గోడ దగ్గర, టి.వి.కి కుడిపక్కన, మూలకి ఐదడుగుల ఇవతల కుదిరింది.

ఇహ హద్దు గీయాలి. 80 హెర్ట్జ్‌కి కిందివన్నీ సబ్‌వూఫరుకి, పైవన్నీ మిగతా స్పీకర్లకి అని రిసీవర్లో చెప్పాం. అలా చెప్పాలంటే అందులో ఆ స్పీకర్లని 'చిన్నవి' అని రాయాలి. అవమానంగా అనుకోకండి, వాటికి బరువు తగ్గించడమే అది. సబ్‌వూఫరు వెనక కూడా ఇలాంటి మర ఒకటుంటుంది. దాన్ని చివరిదాకా తిప్పేసి వదిలేయాలి. లేకపోతే ఇద్దరు కాపలాదార్లు ఒకే గేటు దగ్గర కొట్టుకున్నట్టవుతుంది.

రిసీవరుతో ఓ చిన్న మైకు ఇస్తారు. ఫాన్లు ఆపి, దాన్ని కూర్చున్నవాడి చెవి ఎత్తులో నిలబెట్టాం. అది 'ఊయ్... ఊయ్' అని కూతలు పెట్టి కొలతలు తీసుకుంది. సబ్‌వూఫరు 14 అడుగుల దూరంలో వుందంది. టేపు పెట్టి కొలిస్తే 9 అడుగులే. మైకు పిచ్చిదనుకుని నేను దిద్దబోయాను. పిచ్చివాణ్ణి నేనే! పెట్టె లోపలి సర్క్యూట్లలో శబ్దం కాస్త ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని కూడా అది అడుగుల్లో చెబుతుంది. దాన్ని మార్చకూడదు. ఇంకా ఫేజు అని ఓ స్విచ్చి, 0 నుంచి 180కి. దాన్ని అటూ ఇటూ వేసి చూసి, కుర్చీలో కూర్చుంటే ఎటువైపు బేసు నిండుగా వినపడితే అటు వదిలేశాం.

చివరిది, అన్నిటికంటే కష్టమైనది, ఎంత సౌండు అన్నది. ఇక్కడే నాన్నగారు ఓ మాట చెప్పారు.

"కేబిన్లో మరని చూస్తూ సౌండు పెట్టకూడదురా. గోడ కంతలోంచి జనాన్ని చూస్తూ పెట్టాలి. వెనక వరస వాడు మెడ ముందుకి చాచాడా, మాట అందట్లేదన్నమాట. ముందు బెంచీవాడు చెవి రుద్దుకున్నాడా, ఎక్కువైందన్నమాట. నిండు హాలైతే ఓ మెట్టు పెంచాలి. మనుషులు శబ్దాన్ని పీల్చేస్తారు. ఖాళీ ఆటకి తగ్గించాలి, లేకపోతే గోడలు మాట్లాడతాయి."

నాకు మృదంగం గుర్తొచ్చింది. విద్వాంసుడు ఎడమవైపు రవ్వ ముద్ద అద్ది, కొట్టి చూసి, గోటితో కొంచెం గీరి తీసేస్తాడు చూడండి. ముద్ద ఎక్కువైతే మొద్దు, తక్కువైతే డొల్ల. ఇదీ అంతే. సబ్‌వూఫరుని 4 డెసిబెల్స్ తగ్గించాం. మాటలన్నీ వచ్చేది మధ్య స్పీకర్లోంచి, దాన్ని 3 పెంచాం. తక్కువ సౌండులో బేసు మరీ తగ్గినట్టుంటుంది. అది పెట్టె లోపం కాదు, మన చెవి స్వభావం. ఆ సంగతి ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చెప్పారు. అందుకని రాత్రిపూట మర తిప్పాలనిపిస్తుంది. తిప్పకండి! పెట్టె కింద రబ్బరు దిమ్మ వేశాం. అది నేలలోకి దిగే అదురుని కొంత ఆపుతుంది గానీ గాలిలో పోయే బేసుని ఆపలేదు. అందుకని తొమ్మిది దాటితే పెట్టె కట్టేయాలని మా ఇంటి చట్టం.

* * *

సాయంత్రం 'మాయాబజార్' వేశాను. 1957 నాటి మోనో సౌండు. దాంట్లో 'పాయింట్ ఒకటి' లేదు, ఫిరంగి మోతలూ లేవు. అయినా ఘటోత్కచుడిగా ఎస్.వి. రంగారావుగారు నోరు విప్పేసరికి, ఆ గొంతుకి ఛాతీ వుందని మొదటిసారి తెలిసింది. సబ్‌వూఫరు పనిచేస్తోందా లేదా అని అనుమానం వచ్చి వంగి చూశాను. దీపం వెలుగుతూనే వుంది. బేసు పెట్టెలోంచి రావడం లేదు, మనిషిలోంచి వస్తోంది. అదండీ కుదరడం అంటే!

నాన్నగారు చివరిదాకా లేవలేదు. ప్రతి హాస్యానికీ నవ్వారు. నేను గెలిచాననుకున్నాను. పడుకోబోయే ముందు ఓ అనుమానం వచ్చింది. 'మాయాబజార్' ఆయన ఎన్నిసార్లు ఆడించి వుంటారు? ప్రతి మాటా కంఠతా వచ్చు. చెవితో పనేముంది? ఇదేం పరీక్ష!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాన్నగారికీ పట్టలేదేమో. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, "ఆ డాక్టరు చెప్పిన మిషనేదో తెచ్చుకుందాంరా. సగం పని పెట్టె చేసింది, మిగతా సగం నేను చేయాలి కదా" అన్నారు.

తెచ్చుకున్నాం. అలవాటు పడడానికి మూడు వారాలు పట్టింది. ఓ శనివారం మా వాడు కొత్త సినిమా ఒకటి పెట్టాడు. ఆయన ఎన్నడూ చూడనిది, కథ కూడా తెలీనిది. నేను తెర చూడలేదు. కేబిన్ కంతలోంచి చూసినట్టు ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను. మెడ ముందుకి చాచలేదు. చెవి రుద్దుకోలేదు. కమెడియన్ ఏదో చిన్నగా గొణిగాడు. నాకే అందలేదు. తాతా మనవడూ ఒక్కసారే ఫక్కున నవ్వారు!

"ఏమన్నాడు, ఏమన్నాడు?" అన్నాను నేను.

"తరవాత చెబుతాలే, బొమ్మ చూడనీ" అన్నారు నాన్నగారు.

నిన్న మెట్ల దగ్గర మళ్ళీ పిన్నిగారు ఎదురయ్యారు. చంకలో మనవడు. ఇప్పుడు బోసినవ్వులు నవ్వుతున్నాడు. "ఏం బాబూ, పిండిమర అమ్మేశారా? సద్దు లేదు?" అన్నారు.

"లేదండీ, వుంది. ఇప్పుడే సరిగ్గా ఆడుతోంది" అన్నాను.